ఇంటికి ఒక్క సీటు

ఇంటర్ పరీక్షలు అయిపోయి, ఎంసెట్‌లో ఎందుకూ కొరగాని ర్యాంకు వచ్చిన ఆ వేసవిలో నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. గుడివాడలో రైల్వే గేటుకి దగ్గరగా రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లో బోరింగు దాకా, మళ్ళీ వెనక్కి తిరుగుతూ ఉండేదాన్ని. కరెంటు పోతే వీధిలోకి వెళ్ళి నిలబడేదాన్ని.

"కాసేపు ఒకచోట కూచోవే. నిన్ను చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి" అనేది అమ్మ.

అమ్మ కూడా ఒకచోట కూర్చునే మనిషి కాదని నేనప్పటికి గమనించలేదు. అన్నం తినేటప్పుడు కూడా రెండుసార్లు లేచేది. ప్రార్థనలో మోకరించినప్పుడు తప్ప ఆవిడ ఐదు నిమిషాలు కదలకుండా ఉండటం నేను చూడలేదు.

నాన్న బస్సు డ్రైవరు. గుడివాడ నుంచి బందరుకీ, అవనిగడ్డకీ తిప్పేవాడు. బస్టాండు వెనక వాళ్ళ యూనియన్‌కి రేకుల కప్పుతో ఒక హాలుండేది. అందులో ఒక బీరువా నిండా పుస్తకాలు, రెండు దినపత్రికలు, ఆదివారాలు పిల్లలకి పాటలు నేర్పే ఒక హార్మోనియం. మేడే రోజున సభ్యుల పిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో నాకు మొదటి బహుమతిగా వచ్చిన స్టీలు టిఫిను డబ్బాలోనే నాన్న డ్యూటీకి అన్నం తీసుకెళ్ళేవాడు.

ఒకరోజు నాన్న డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పుతూ చెప్పాడు. "ఈ ఏడు యూనియన్‌లో కంప్యూటర్ కోర్సు పెడతన్నారు. ఊళ్ళో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళతో మాట్లాడారంట. సభ్యుల కుటుంబాలకి ఉచితం. టెన్త్ ప్రైవేటుగా కట్టేవాళ్ళకి ట్యూషన్ కూడా ఉంది. కాకపోతే రెండిట్లో కలిపి ఇంటికి ఒక్క సీటే."

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఊరంతా ఒకటే ఊపు. మా వీధిలోనే ముగ్గురు నేర్చుకుంటున్నారు. ఇక ఆ సీటు నాదే అనుకున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని, ఇంకెవరికి వస్తుంది? ఫారం నాన్న తెస్తాడని చూశాను. నాన్నకి వరసగా డబుల్ డ్యూటీలు పడ్డాయి, మర్చిపోయాడు. అడిగితే "మీ అమ్మ హాలుకెళ్ళి తెచ్చినట్టుందే" అన్నాడు. నింపి ఇచ్చేసే ఉంటుందని ఊరుకున్నాను.

జాబితా అంటించిన రోజు పొద్దున్నే హాలుకి వెళ్ళాను. కంప్యూటర్ కోర్సు కాగితం పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. నా పేరు లేదు. పక్కన ఇంకో కాగితం ఉంది, పదో తరగతి ట్యూషన్‌ది. అందులో నాలుగో పేరు అమ్మది.

సెక్రటరీగారు నాన్నకి స్నేహితుడు, నేను మావయ్యా అనే పిలిచేదాన్ని. "ఏదో పొరపాటు జరిగింది మావయ్యా" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పొరపాటు కాదమ్మాయ్. మీ అమ్మే వచ్చి రాసింది. కుటుంబ సభ్యులంటే పిల్లలొక్కళ్ళేనా అన్నయ్యగారూ, భార్యలు కారా అని అడిగింది. రూలు తీసి చూశాం. అవుననే ఉంది. నీకు చెప్పలేదా?"

ఇంటికొచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"నాకు చెప్పకుండా ఎందుకు రాశావు?"

చేట ఆపలేదు. "చెప్తే నువ్వు అడుగుతావు. నువ్వడిగితే నేను ఇచ్చేస్తాను."

"ఈ వయసులో టెన్త్ పాసై ఏం చేస్తావమ్మా?"

"ఏమో. ముందు పాసవనీ."

ఆ వారమంతా నేను అమ్మతో మాట్లాడలేదు. నాన్న మా ఇద్దరి మధ్యా ఇబ్బందిగా తిరిగాడు. డిపోలో తోటి డ్రైవర్లు "ఏం బావా, పొద్దున్నే జడ వేసి బడికి పంపిస్తన్నావా?" అని ఆటపట్టిస్తున్నారని చెప్పి నవ్వబోయాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు.

పరీక్ష దరఖాస్తుతోపాటు అమ్మ ఎంతవరకు చదివిందో చెప్పే కాగితం కావాలన్నారు. అది అమ్మ చదివిన బడిలో తెచ్చుకోవాలి. దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రం వైపున్న చిన్న ఊరు. నాన్నకి సెలవు దొరకలేదు.

"నువ్వు తోడెళ్ళు" అన్నాడు నాతో.

"నేనా?"

"నువ్వే. ఇంట్లో పచార్లు చేసే బదులు."

పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడ ఇంకో బస్సెక్కాం. దారంతా నేను కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను. బడి కొత్త భవనం, పక్కనే తుఫాను షెల్టరు. హెడ్మాస్టరు కుర్రాడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు కానీ, "డెబ్భై ఏడు ఉప్పెనకి ముందటి రిజిస్టర్లు ఒక్కటీ మిగల్లేదండీ. అప్పటి మాస్టారెవరైనా రాసిస్తే, దాని మీద నేను సంతకం పెట్టి స్టాంపు వేసిస్తాను" అన్నాడు.

ఉప్పెన గురించి నాకు తెలియంది కాదు. తాతయ్య కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు. ఆ రోజు అమ్మమ్మనీ, ఇద్దరు మావయ్యల్నీ లాకుల మీదున్న గదిలోకి ఎక్కించి ఎట్లా బతికించాడో ఎన్నోసార్లు చెప్పాడు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమ్మకి చెప్పిన తెలుగు మాస్టారు మోపిదేవిలో కొడుకు దగ్గర ఉంటున్నారని ఊళ్ళో ఎవరో చెప్పారు. మళ్ళీ బస్సెక్కాం. మోపిదేవిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. గుడి వీధిలో జనం తోసుకుంటున్నారు. ఆ ఎండలో నాలుగు వీధులు తిరిగాం. నాకు చెప్పలేనంత విసుగ్గా ఉంది. "రేపొద్దాం పద" అంటే అమ్మ వినిపించుకోకుండా ముందు నడిచింది.

మాస్టారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. చూపు బాగా మందగించింది. అమ్మ ఊరి పేరు చెప్పగానే ఆయన లేచి కూర్చున్నారు.

"ఏ బ్యాచ్చమ్మా?"

"ఉప్పెన వచ్చిన ఏడండీ. పదో తరగతి. లస్కరు గారమ్మాయిని."

ఆయన కాసేపు గుర్తు చేసుకున్నారు. "ఆ ఏడు మొత్తం ఐదుగురు ఆడపిల్లలు. నువ్వు గోడవైపు కూచునేదానివి కదూ? నీ పక్కనే ఒక పిల్ల, పద్యం రాగం తీసి భలే చదివేది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందమ్మా?"

అమ్మ చెంగుతో మెడ తుడుచుకుంది.

"లేదండీ. ఐదుగురిలో నేనొక్కదాన్నే మాస్టారూ."

ఆయన లోపలికి కేకేసి కాగితం, పెన్ను తెప్పించారు. "నాకు కనపడదమ్మా. నువ్వు రాయి, నేను సంతకం పెడతాను" అని నాకు ఇచ్చారు. ఆయన చెబుతుంటే కొంత, నా సొంతంగా కొంత రాశాను. 'ఉప్పెన కారణముగా చదువు మానివేసినది' అని రాసేసరికి, భుజం మీదుగా చూస్తున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మానేసింది అని రాయొద్దే. నేను మానెయ్యలేదు."

ఇంకో కాగితం అడిగి తీసుకుని మొదట్నుంచీ రాశాను. చదువు ఆగిపోయినది అని రాశాను.

ఆ కాగితం తీసుకుని మళ్ళీ బడికి వెళ్ళి, స్టాంపు వేయించుకుని తిరుగుబస్సు ఎక్కేటప్పటికి సాయంత్రమైంది. చల్లపల్లి దాటాక అమ్మే మాట్లాడింది. ఉప్పెనకి ముందు రోజు తనకి జ్వరమని చల్లపల్లిలో పిన్ని ఇంటికి పంపారట. అందుకని తను ఊళ్ళో లేదు. "పరీక్ష దరఖాస్తుకని ఐదుగురం అవనిగడ్డ వెళ్ళి ఫోటోలు దిగాం. అవి వస్తాయని రోజూ చూసేవాళ్ళం" అంది. మళ్ళీ తనే, "నీతో పోటీకి రాలేదే నేను" అంది.

నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు ఆ కంప్యూటర్ సీటు కావాలనే ఉంది. అమ్మ మీద జాలీ, సీటు పోయిందన్న ఉక్రోషమూ రెండూ ఒక్కసారే ఉన్నాయి. ఇల్లు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను. ఇల్లొచ్చాక మళ్ళీ ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించింది.

ట్యూషన్ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. ఏడుగురు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. కండక్టర్ల భార్యలు, మెకానిక్కుల భార్యలు, డిపో క్యాంటీన్లో వంట చేసే ఆవిడ. రెండు నెలలు గడిచాక లెక్కల మాస్టారికి ఉయ్యూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. సెక్రటరీ మావయ్య మా ఇంటికొచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు ఎంపీసీ కదా. ఇంకో మాస్టారు దొరికేదాకా నువ్వు చెప్పకూడదూ?"

ఇంట్లో ఉండలేకే ఒప్పుకున్నాను. మంచి మనసుతో ఏమీ కాదు.

నేను బాగా చెప్పలేదు. బోర్డు మీద గబగబా రాసి చెరిపేసేదాన్ని. వాళ్ళకి అర్థం కాకపోతే నాకు ఒళ్ళు మండేది. మిగతావాళ్ళని ఏమీ అనలేక అదంతా అమ్మ మీద చూపించేదాన్ని. ఒకరోజు కారణాంకాలు చెబుతున్నాను. అమ్మ మూడోసారి తప్పు చేసింది. "ఇంత చిన్న లెక్క రాకపోతే ఇంకెందుకు రావడం?" అని గట్టిగా అరిచాను.

అమ్మ లేచి నిలబడింది. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, అందరికీ వినపడేట్టు, "టీచరుగారూ, నాకు అర్థం కాలేదండీ. ఇంకోసారి చెప్పండి" అంది.

క్యాంటీన్ ఆవిడ కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బోర్డు తుడిచి మొదట్నుంచీ చెప్పాను. ఈసారి నెమ్మదిగా చెప్పాను.

ఇంటికి వచ్చాక అమ్మ పొయ్యి వెలిగిస్తూ అంది. "ఇంట్లో ఎంతైనా అరుచుకో, పడతాను. అక్కడ ఇంకోసారి అరిస్తే లేచి వెళ్ళిపోతాను. నేను వెళ్తే వాళ్ళు కూడా రారు. వాళ్ళందరూ నీకంటే ఎక్కువ భయంగా కూచుంటన్నారు, తెలుసా?"

నాకు తెలియదు. మర్నాటి నుంచి ముందు వాళ్ళని బోర్డు దగ్గరికి పిలిచి చేయించడం మొదలుపెట్టాను. ఇంకో మాస్టారు దొరకలేదు. సెక్రటరీ మావయ్య వెతికినట్టు కూడా లేడు.

పరీక్షలు బందరులో. నాన్న పొద్దున మొదటి ట్రిప్పు అడిగి వేయించుకున్నాడు. డ్రైవరు సీటు వెనకే అమ్మా నేనూ కూర్చున్నాం. దారంతా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాన్న అద్దంలో చూడటమే తప్ప ఒక్కమాట మాట్లాడలేదు. బందరులో మేం దిగేటప్పుడు మాత్రం, "హాల్ టికెట్టు ఉందా?" అన్నాడు. అన్ని పరీక్షలకీ అదే అడిగాడు.

లెక్కల పరీక్ష రోజు సెంటరు బయట మూడు గంటలూ నేను ఆ గోడ పొడవునా తిరుగుతూనే ఉన్నాను. బయటికొచ్చిన అమ్మ మొహం చూడగానే తెలిసిపోయింది.

"కాగితం చూడగానే అన్నీ కలిసిపోయాయే" అంది అంతే.

లెక్కల్లో తప్పింది. ఏడుగురిలో ఇద్దరు అన్నీ పాసయ్యారు, అందులో క్యాంటీన్ ఆవిడ ఒకరు. మాకు స్వీటు తెచ్చి ఇచ్చింది. అమ్మ తిని, ఆవిడ వెళ్ళాక బోరింగు దగ్గర కూర్చుని చాలాసేపు గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. నేను చెప్పిన తీరు వల్లే తప్పిందని నాకు అనిపించింది. ఆ మాట అమ్మతో అంటే, "నీ పని నువ్వు చేశావు. చేత్తో రాసింది నేను" అంది.

ఆ ఏడాది మళ్ళీ యూనియన్ ఫారం వచ్చినప్పుడు అమ్మ దాన్ని తెచ్చి నా ముందే నింపింది. కంప్యూటర్ కోర్సు, నా పేరు. "లెక్కలొక్కటే కదా, ఇంట్లో చదువుకుంటాను. నువ్వు చెప్తావు" అంది. అడగలేదు, అట్లా తేల్చేసింది.

రోజూ పొద్దున ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటర్ ముందు నలుగురం కూర్చునేవాళ్ళం. అంత కోరుకున్న చదువు నాకు మూడు నెలలకే వెగటు పుట్టింది. మధ్యాహ్నం అమ్మకి లెక్కలు చెప్పే గంట కోసం చూసేదాన్ని. ట్యూషన్ కొత్త బ్యాచ్‌కి కూడా నేనే చెప్పాను. తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసి, బీఈడీ చేసి లెక్కల టీచర్నే అయ్యాను.

రెండోసారి ఫలితాలు వచ్చిన రోజు నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాను. బయట ఎవరో పిలుస్తున్నారంటే వెళ్ళాను. నాన్న, ఖాకీ బట్టల్లో, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పరిగెత్తుకొచ్చాడు. చేతిలో పత్రిక.

"మీ అమ్మ పాసయింది. నంబరు నేనే చూశాను. నాలుగుసార్లు చూశాను."

ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. నాన్న ఆ కాగితం మళ్ళీ విప్పి నాకు చూపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు.

"అమ్మాయ్, నేను ఏడో తరగతేగా. వచ్చే ఏడు టెన్త్‌కి నేను కూచోనా?"

నేను నవ్వాను. సంతోషంలో ఉన్నాను, తమాషాకి అన్నాడనుకున్నాను. నాన్న నవ్వలేదు. గడియారం చూసుకుని, "ట్రిప్పు టైమైంది" అని బస్టాండు వైపు గబగబా నడిచాడు.

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఇంటర్ కట్టింది, ఇంగ్లీషులో తప్పింది, మళ్ళీ కట్టింది. నాన్న డ్యూటీలు చేస్తూనే ఉన్నాడు, బందరు ట్రిప్పులు, అవనిగడ్డ ట్రిప్పులు. ఒకసారి నేనే, "నాన్నా, ఫారం తెమ్మంటావా?" అని అడిగాను. "ఇప్పుడెందుకులేమ్మా" అని చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన రిటైరయ్యేదాకా ఆ సంగతి మళ్ళీ ఎట్లా ఎత్తాలో నాకు తెలియలేదు.