నాన్న నొక్కే పేరు

నేనూ అక్కా పోట్లాడుకుంటూ ఆడిన వీడియో గేమ్ పెట్టె ఇప్పుడు మా నాన్నగారి సినిమా హాలైపోయింది. రిటైరైన మాస్టారు కదా, దాని రిమోట్‌ని రెండు చేతులా బైబిల్ పట్టుకున్నట్టు పట్టుకుని పాత సినిమాలూ, చర్చి ప్రసంగాలూ డౌన్‌లోడ్ చేసుకుంటారు.

ఆన్ చేయగానే అది "ఎవరు ఆడుతున్నారు?" అని అడుగుతుంది. తెర మీద ఉన్నవి రెండే పేర్లు, నాదీ అక్కదీ. యానాంలో చేపల వేటకెళ్లే వాళ్లబ్బాయిని అక్క చేసుకున్నాక, ఈ ఇంట్లో తన పేరెత్తొద్దన్నది నాన్నే. మూడేళ్లుగా ఎవరమూ ఎత్తలేదు. రెండో రిమోట్ టీవీ వెనక దుమ్ము పట్టిపోతోంది.

ఈ సాయంత్రం చూద్దును కదా, నాన్న అక్క పేరు నొక్కారు. "వెల్కమ్, గ్రేసీ" అని తెర మీద పడింది. ఆ అక్షరాలు పోయేదాకా ఆయన కదల్లేదు.

"అదేంటి నాన్నా, మీ పేరు వేరేగా పెట్టమంటారా?" అన్నాను.

"వద్దులేమ్మా, రోజూ ఇదే అలవాటైపోయింది," అన్నారు, నా వైపు చూడకుండా.

దుమ్ము దులిపి రెండో రిమోట్‌కి చార్జింగ్ పెట్టాను. పేరు ఎత్తొద్దన్నారు గానీ, నొక్కొద్దనలేదు కదండీ. ఈ మాట అక్కకి చెప్పెయ్యనా, మీరేమంటారు?