అమ్మ చంక దిగిన రోజు

ఆ రోజుల్లో పిల్లల పెంపకం గురించి ఎవరూ పుస్తకాలు చదివేవారు కాదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు పెంచేవారు, మేమూ ఎలాగో పెరిగేవాళ్ళం. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో, మా గోడకు ఆ పక్క పెద్దమ్మ ఇల్లు (చుట్టమేమీ కాదు, పిలుపే). ఆమె పిల్లలు ఆరుగురూ నడక సరిగ్గా రాకముందే గోడలెక్కినవాళ్ళు. గోడకు ఈ పక్క నేను, నాలుగేళ్ళు నిండినా అమ్మ చంక దిగనిదాన్ని. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. అందుకని నేను పుట్టగానే చాటలో పడుకోబెట్టి, దోసెడు నూకలకు పెద్దమ్మకు అమ్మి, పెంచి పెడతామని మళ్ళీ తెచ్చుకుని, దిష్టి తగలకుండా పెంటమ్మ అని పేరు పెట్టారు. ఇంత చేసినా అమ్మకు ధైర్యం చిక్కలేదు. "కింద కాలు వెడితే పడ్తవు బిడ్డా" అనేది. దాంతో నాకు పరుగు రాదు, గెంతడం రాదు. గడప దాటాలన్నా వెనక్కి తిరిగి, రెండు చేతులతో పట్టుకుని దిగేదాన్ని (లోకమంతా అలాగే దిగుతుందనుకునేదాన్ని).

పెద్దమ్మ పిల్లలు రోజూ మా అరుగు మీది నుంచి వీధిలోకి దూకి, కేకలేస్తూ పోయేవారు. నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చునేదాన్ని. ఒక పొద్దున వాళ్ళలో అందరికన్నా చిన్నది, నాకన్నా ఏడాది చిన్నది, "నువ్వు దుంకలేవు, నీకు కాళ్ళు లెవ్వు" అంది. నా కాళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది. అమ్మ నీళ్ళకు పోయిన సమయం చూసి దూకాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. పైకి పాకి మళ్ళీ దూకాను. ఈసారి పెదవి పగిలింది. ఎలాగైనా సరే దూకి నిలబడాలని మూడోసారి ఎక్కుతుండగా అమ్మ వచ్చింది. బిందె దించలేదు, పడేసింది. "అయ్యో నా బిడ్డ!" అని ఉరికొస్తుంటే పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"నీ బిడ్డెట్లయితది? నూకలు పోసి కొన్న. గా పిల్ల నాది. నా పోరగాండ్లు గిట్లనే పడుకుంట లేచుకుంట పెరుగుతున్నరు. జర దుంకనియ్యి."

అమ్మ ఇరుకున పడింది. కాదు, నా బిడ్డే అంటే అమ్మకం చెల్లదు. అమ్మకం చెల్లకపోతే నా ప్రాణానికి గండం. ఊరుకుందామంటే నా పళ్ళు రాలతాయని భయం. పాపం, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను రక్తం తుడుచుకుని దూకాను. నిలబడ్డాను! అమ్మ రమ్మని రెండు చేతులూ చాచింది. నేను ఆ చేతుల పక్కనుంచే పరుగెత్తి (దారిలో నాలుగుసార్లు పడి) పిల్లలతో పోయాను. ఆ తర్వాత చంక ఎక్కిందే లేదు.

ఇప్పుడు నా మోకాళ్ళకు మెట్లంటే గిట్టదు. కూతురు మోచెయ్యి పట్టుకోబోతే "ఇడువు, నేనే ఎక్కుత" అని కసురుతాను. ఆ మొండితనం ఇంకా పోలేదు. కాని ఆ రోజు అమ్మ చాచిన చేతులు ఖాళీగానే ఉండిపోయాయి కదా అనిపించి, నాలో నేనే నవ్వుకుని, ఈ మధ్య నాలుగో మెట్టు దగ్గర పట్టుకోనిస్తున్నాను.