మా బావ విమానం ఎందుకు ఎగరలేదంటే

పోయిన వారం వల్లూరు టీకొట్టు దగ్గర, సోలార్ పలకలు కడిగే మనిషి ఒకాయన కొత్తగా పనిలో చేరినవాడికి మా బావ వాళ్ల రేకుల షెడ్డును చూపించాడు. "ఆ షెడ్డు ముసలాయన ఇమానం చేసినాడప్పా. ఎగిరే పొద్దు వచ్చేతలికి భయపడి అమ్ముకున్న్యాడు." అందరూ నవ్వారు. ఏడేళ్లుగా ఈ మాటకు నేనూ నవ్వుతూ వచ్చాను. ఈసారి టీ సగంలో వదిలేసి లేచాను.

బావ అంటే మా అక్క భర్త. బెంగళూరులో విమానాలు బాగుచేసే చోట ముప్పై ఏళ్లు పనిచేసి ఊరికి తిరిగొచ్చాడు. పొలం చాలావరకు సోలార్ పార్కుకు గుత్తకిచ్చి, మిగిలిన పొడవాటి నేల చెక్కలో శెనక్కాయ వేయకుండా మట్టిబాట చదును చేయించాడు. ఇద్దరు కూర్చునే విమానం విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చింది. రెండేళ్లు కూర్చి బిగించాడు. కాయలు ఎండబోసుకునే చోటు పోయిందని అక్క ఆ రెండేళ్లూ సణిగింది గానీ, రెక్కలకు గుడ్డ అతికించే రోజు మాత్రం ముడత పడనిచ్చింది కాదు. అనుమతి వచ్చాక బావ ముందు నేల మీదే నడిపి చూశాడు. దారం లాగినట్టు తిన్నగా పోయింది.

తోక కింద చిన్న చక్రం ఉండేది. నేల మీద విమానాన్ని తిప్పేది అదే. "షెడ్డులోకి పెట్టేటప్పుడు తోకను ఇద్దరమూ ఎత్తి తిప్పల్ల. ఒక్కనివే ఈడ్చొద్దురా" అని బావ నాకు పదిసార్లు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఆయన పావగడకు పోయినప్పుడు గాలివాన లేచింది. విమానం బయట ఉంది, నేనొక్కడినే ఉన్నాను. ఎద్దులు విప్పిన బండి మొరాయిస్తే మావాళ్లు కింద గడ్డపార దూర్చి, భుజంతో పక్కకు నెట్టి మళ్లిస్తారు. తోక కింద అదే చేశాను. విమానం లోపలికి వచ్చింది, తోకచక్రాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ వంగింది. సుత్తితో కొట్టి, కంటికి సరిగ్గా కనబడేదాకా చూసుకుని, పైన గ్రీజు పూశాను. పొలం దున్నే మడకకైతే అది చాలు.

మర్నాటి నుంచి విమానం ఎడమకు గుంజింది. తోకచక్రం కంపెనీవాళ్లు బిగించి పంపింది కాబట్టి బావ దాన్ని అనుమానించలేదు. తాను బిగించిన ముందు చక్రాలనే అనుమానించాడు. నాలుగుసార్లు విప్పి బిగించాడు. కంచె అవతలి నుంచి పలకలు కడిగేవాళ్లు కేకేసేవాళ్లు. "ఏమన్నా, మీ బావ ఎనుమును ఈ పొద్దన్నా లేపుతాడా?" విమానాన్ని బర్రెను చేసినందుకు నేనూ వాళ్లతో నవ్వేవాణ్ని. చివరికి బావే అన్నాడు: "నేల మింద మాట ఇననిది ఆకాశంలో ఇంటాదారా? నా చేతి పనే సరిలేదు." ఒక్కసారి కూడా పైకి లేపకుండానే దాన్ని విప్పి, లారీకెక్కించి అమ్మేశాడు.

టీకొట్టు నుంచి నేరుగా ఆయన దగ్గరికి పోయి అంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను.

"యా పక్కకు వంగింది?" అన్నాడు.

"ఎడమకు, బావా."

తన అరచేతులు తడుముకున్నాడు. "అట్లయితే నా చక్రాలు సరిగానే ఉన్న్యాయి."

మళ్లీ ఒకటి తెప్పిద్దామా అని అడిగాను. "ఇంకేం తెప్పిస్తావులే. నీ మొగమే మసగ్గా కనబడ్తాండాది" అన్నాడు.

ఆ పట్టీ మార్చడానికి ఆయనకు ఒక పూట పట్టేది. ఆ ఒక్క పూటను నేను ఏడేళ్లు దాచిపెట్టుకున్నాను. తీసుకెళ్లి ఇచ్చేసరికి ఆయన చూపు అయిపోయింది.