ముందు చక్రాలు

మా జీపులో పెద్ద గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న లివర్లు ఉండేవి. అందులో మొదటిది లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుందనీ, అప్పుడు బండి ఇసుకైనా బురదైనా ఎక్కిపోతుందనీ నాకు అమ్మిన రైసు మిల్లు యజమాని చెప్పాడు. మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న బండి అది. ఆయన కొన్నాళ్లు వాడి, నన్ను చూసి, నాకు అంటగట్టి వదిలించుకున్నాడు.

యాభైల చివరి మాట ఇది. మా ఊరు వెంకటాచలానికి తూర్పున, సముద్రం వైపు. ఊళ్లో కాస్త కలిగినవాళ్లంతా బావులకు ఆయిల్ ఇంజన్లు పెట్టిస్తున్న రోజుల్లో నేను జీపు తెచ్చాను. మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, దీన్ని ఏ మడిలో దించుతావని అడిగాడు. బండితోపాటు మిల్లు యజమాని ఒక గోతాం నిండా ఇనుప సామాను కూడా ఇచ్చాడు. ఏవో విడిభాగాలట. అన్నీ తెలిసినవాడిలా తలూపి, ఇంటికి తెచ్చి, గోతాం మూతి కూడా విప్పకుండా గొడ్లచావిట్లో పడేశాను.

నా భార్యది ఉదయగిరి పక్క మెట్ట ఊరు. వానలు లేని ఏడు తాగేనీళ్లకే మైళ్లు నడిచిన మనిషి. పెళ్లయి వచ్చాక నన్ను ఆమె కోరిన కోరిక ఒక్కటే. సముద్రం చూడాలి, ఒక పొద్దున దాని పక్కనే నిద్ర లేవాలి, అందులోంచి సూర్యుడు ఎట్లా పైకొస్తాడో చూడాలి. చీర కాదు, నగ కాదు, సముద్రం. ఇంతకంటే సులువైన కోరిక ఏ మొగుడికీ దొరకదు. మైపాడుకు బస్సు ఉంది. కార్తీక పౌర్ణమి స్నానాలకు ఊరంతా బండ్లు కట్టుకుని పోయేది. మా అమ్మ కూడా, నేను తీసుకుపోతాలేరా అంది.

నేను ఒప్పుకోలేదు. బస్సు పోయే చోటికి పోవడానికి జీపెందుకు? దారి లేని చోటికి పోవాలి, అక్కడ గుడారం వేయాలి, సీటు దిగకుండా ఆమెకు సముద్రం చూపించాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఇంటి చావిట్లో కూర్చుని, అందరూ వింటుండగా ఆమెకు మాటిచ్చాను. ఆమె తలుపు వెనకనుంచి విని, సరేనంది.

మొదటిసారి బయలుదేరినప్పుడు బండిలో వేయని వస్తువు లేదు. మిలిటరీ టార్పాలిన్, మడత మంచం, కిరసనాయిలు స్టవ్వు, లాంతరు, బియ్యం, చింతపండు, ఆవకాయ జాడీ. జాడీ ఆమె వేసింది, చివరికి పనికొచ్చిందీ అదొక్కటే. బకింగ్‌హాం కాలువను బల్లకట్టు మీద దాటించాం. అవతలి ఒడ్డు నుంచి సముద్రం హోరు వినిపించింది. మధ్యలో ఉన్నది ఒక సరుగుడు తోట, దాని వెనక ఒక ఇసుక దిబ్బ. రెండు మూడు ఫర్లాంగులు, అంతే.

ఇక్కడ నేను బండి ఆపి, ఆమె వైపు చూసి, మొదటి లివర్ లాగాను. తర్వాత రెండోది లాగాను. ఇంజను గొంతు మారి బండి గుర్రుమంది. చూశావా, ఇప్పుడు నాలుగు చక్రాలూ మన మాట వింటాయి అన్నాను. యాభై గజాలు పోయాం. తర్వాత వెనక చక్రాలు ఇసుకలో గొయ్యి తవ్వుకుని అందులో కూర్చున్నాయి.

నేను కంగారు పడలేదు. కంగారు పడేంత తెలివి ఉండాలి కదా. మనం ఆగాలనుకున్నది ఇక్కడే, క్యాంపుకు మంచి నీడ అన్నాను. ఆమె దిగి వెనకనుంచి తోసింది. నేను లివర్లు లాగాను, వదిలాను, మళ్లీ లాగాను. గొయ్యి పెద్దదయింది. చివరికి, దిబ్బకు అవతల పట్టపువాళ్ల పాళెం ఉంది, తాగేందుకు నీళ్లు తీసుకుని రమ్మని ఆమెకు కడవ ఇచ్చి పంపించాను. బండి యజమాని బండిని విడిచి పోకూడదని నా నమ్మకం. ఎవరైనా ఎత్తుకుపోతే? నలుగురు తోసినా కదలని బండిని ఎవడు ఎత్తుకుపోతాడో ఆలోచించలేదు.

చాలాసేపటికి ఆమె కడవతోపాటు పదిహేనుమంది మనుషుల్ని, ఒక పెద్ద తాడునూ తీసుకొచ్చింది. పాళెంవాళ్లు చేపలకు వేసే అలివి వల లాగే తాడు అది. వాళ్లు జీపు వెనక తాడు కట్టి, వలను ఒడ్డుకు లాగినట్టే పాట అందుకుని ఒక్క ఊపున లాగారు. లాగింది పడమటికి, గట్టి నేల ఉన్నది అటే గనుక. నేను స్టీరింగు పట్టుకుని సముద్రం వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి పోయాను. దిగాక వాళ్లకు నాలుగు చక్రాల బలం గురించి వివరించాను. లేకపోతే ఇంత సులువుగా వచ్చేది కాదని చెప్పాను. ఒక పెద్దాయన చేతికంటిన ఇసుక దులుపుకుంటూ, అట్టాగా అయ్యా, అన్నాడు.

ఆ రాత్రి కాలువ గట్టున పడుకుని తెల్లారి ఇంటికొచ్చాం. నడిచిపోయి చూడొచ్చు కదా అని మీరు అడుగుతారు. నడిచిపోయి ఎవరైనా చూస్తారు. నేను మాటిచ్చింది జీపులో చూపిస్తానని. సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చేసారి తప్పకుండా చూపిస్తానన్నాను. ఆమె సరేనంది.

అట్లా రెండేళ్లలో నాలుగుసార్లు పోయాం. రెండోసారి ఉప్పుపర్ర బురదలో దిగబడ్డాం. పైన ఎండి పగుళ్లిచ్చిన నేల, లోపల జావ. మూడోసారి, ఇసుకలో టైర్ల గాలి తగ్గించాలని ఎవరో చెప్పగా విని, తగ్గించాను. మళ్లీ గాలి కొట్టడానికి పంపు ఇంట్లో ఉంది. నాలుగోసారి సరుగుడు తోట దాటి దిబ్బ అడుగు దాకా పోయాం, అది నా ఘనవిజయం. ప్రతిసారీ ఆమె తోసేది, ప్రతిసారీ కడవ తీసుకుని పాళేనికి పోయేది, ప్రతిసారీ మనుషులు తాడు తీసుకుని వచ్చేవారు. పోనుపోను వాళ్లు చేపలు కూడా తేవడం మొదలుపెట్టారు. ఆమె మామిడికాయ వేసి పులుసు చేసేది. ఇసుక కరకరలాడే అన్నం తింటూ నేను, క్యాంపు జీవితమంటే ఇదీ అని ఆమెకు బోధించేవాడిని.

ఊళ్లో మాత్రం నా మాటలకు పగ్గాలుండేవి కావు. సముద్రం అంచునే ఇసుక మీద శ్రీహరికోట దాకా పోయి వస్తానని ఒకసారి టీ కొట్టు దగ్గర ప్రకటించాను. మధ్యలో ఏర్లు సముద్రంలో కలుస్తాయని ఒకాయన గుర్తుచేస్తే, లివర్ సంగతి నీకు తెలియదన్నాను. ఏనాడూ మెకానిక్‌ను ఆ బండి మీద చెయ్యి వేయనివ్వలేదు. దాని గుణం నాకొక్కడికే తెలుసు మరి.

మూడో ఏడు కోతలకు ముందు మా నాయన విసిగిపోయాడు. పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

"కోతలు మొదలయ్యేలోపల ఆ పిల్లకి సముద్రం చూపించు. నీకు చేతగాకుంటే చెప్పు, జీపు అమ్మేసి మీ అమ్మ వెంట బస్సులో పంపిస్తా" అన్నాడు.

జీపు పోతుందన్న భయం కంటే, నేను చూపిస్తానన్న సముద్రాన్ని మా అమ్మ బస్సులో తీసుకుపోయి చూపిస్తుందన్న తలంపే నన్ను ఎక్కువ కోసింది. ఈసారి ఓడితే నా భార్య ముందు నా మాటకు విలువ ఉండదు. మొదటిసారి భయం పుట్టింది, భయంతోపాటు కొంచెం బుద్ధీ పుట్టింది. నెల్లూరులో ఒక మెకానిక్ షెడ్డుకు బండి తీసుకెళ్లాను. ఆయన ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించే నెమ్మదైన మనిషి. మిగతా ఆరు రోజులూ బండ్ల కిందనే ఉంటాడు. ఒక్క నిమిషం కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"అన్నా, ముందు షాఫ్టు యాడ?" అన్నాడు.

ఏ షాఫ్టు అన్నాను. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు మోసుకుపోయే షాఫ్టు అది, అది లేకుండా ఆ లివర్ లాగితే లాగినట్టే ఉంటుందిగానీ ముందు చక్రాలకు ఏమీ అందదని వివరించాడు. పెట్రోలు కలిసొస్తుందని కొందరు దాన్ని విప్పి పక్కన పెడతారట. రెండో లివర్ మాత్రం పనిచేస్తుందట, ఆ గుర్రుమనడం దానిదేనట. రెండేళ్లు నేను బలమనుకున్నది ఒట్టి గొంతు. షాఫ్టు ఎట్లా ఉంటుందని అడిగాను. ఇంత పొడుగు ఇనుప గొట్టం, రెండు చివరలా మడతపడే కీళ్లు, అని చేతులతో చూపించాడు. ఆ వస్తువు నాకు తెలుసు. రోజూ సందెవేళ నా చేతుల్తో పట్టుకుంటున్నాను.

గొడ్లచావిడి తలుపు అడ్డగడియకు చెద పడితే, మా నాయన ఆ గోతాంలోంచి ఒక ఇనుప గొట్టం ఏరి దాని బదులు పెట్టాడు. గొడ్లను కట్టేసి ఆ గడియ వేయడం ఇంట్లో నేను చేసే ఏకైక పని. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. నేను ఊరంతా వెతకను కూడా లేదు.

ఇంటికొచ్చి గడియ లాగుతుంటే మా నాయన, అది తీస్తే దూడలు బయటికి పోతాయిరా అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నా భార్య పేడచేతులతో అక్కడే నిలబడి విన్నది.

"నేను తోసేటప్పుడు చూస్తా ఉన్నా. ముందు చక్రాలు తిరిగేవి కావు. వాటి వాటమే అంతేమో అనుకున్నా" అంది.

షాఫ్టు బిగించుకుని ఐదోసారి పోయాం. కాలువ గట్టున గుడారం వేసి, చీకటితోనే లేచాం. సరుగుడు తోట దగ్గర మొదటి లివర్ లాగాను. ముందు చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి. జీపు మూలుగుతూ దిబ్బ ఎక్కింది, అవతలికి దిగింది, తడి ఇసుక దాకా పోయి ఆగింది. ఎదురుగా సముద్రం. సరిగ్గా అప్పుడే సూర్యుడి అంచు పైకొచ్చింది.

నేను సముద్రం వైపు చూడలేదు, ఆమె ముఖం వైపు చూశాను. ఆమె సీటులోనే కూర్చుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎంత ఉందో అంది. ఆ ఒక్క మాటకు నేను రెండేళ్ల ఇసుకంతా మరిచిపోయాను.

ఇంతలో పాళెం ఆడవాళ్లు బుట్టలతో అటు వచ్చారు. అందులో ఒక పెద్దామె మమ్మల్ని చూసి నవ్వుతూ దగ్గరికొచ్చి, నా భార్య భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం తల్లీ, బాగుండావా? ఈసారి జీపు గూడా వచ్చిందే" అంది.

పోయినసారి కూర్చున్న పడవను ఇప్పుడు అవతలికి జరిపారనీ, నీళ్ల చెలమ మాత్రం అక్కడే ఉందనీ చెప్పి వెళ్లిపోయింది. నాలుగుసార్లు కడవ ఇచ్చి పాళేనికి పంపింది నేనే. పాళెం ఉండేది సముద్రం ఒడ్డున. పాళెం ఇంకెక్కడుంటుంది? చదువుకున్నవాడికి రెండేళ్లలో ఒక్కసారి తట్టలేదు. ఎన్నిసార్లు చూశావని అడిగాను. వచ్చినప్పుడల్లా అంది. మరి చెప్పలేదేమంటే, తల వంచుకుని పైట చెంగు సర్దుకుంది.

"మీరు చూపిస్తామన్నారు గదా. మీరు చూపించేది ఇంకా చూడలేదని అట్టనే పెట్టుకోనుండా" అంది.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకనే కళ్లు చెమ్మగిల్లాయి. ఇసుకలో బండిని తోసినట్టే రెండేళ్లు నా గొప్పను కూడా ఈ మనిషి వెనకనుంచి తోస్తూ వచ్చింది, నాకు బరువు తెలియనివ్వకుండా. నేను సీటు దిగాను. నాకు ఇక్కడేమీ తెలియదు, నువ్వే చూపించు అన్నాను.

చూపించింది. ఉప్పునీళ్లకు ఇరవై గజాల దూరంలో ఇసుక తవ్వితే తియ్యటి నీళ్లు ఊరే చెలమ, ఎర్ర ఎండ్రకాయలు దూరే బొరియలు, తను కూర్చునే పడవ. ఆ పడవ మీద నాకూ చోటిచ్చింది. పొద్దు బారెడు ఎక్కేదాకా కూర్చుని తిరిగొచ్చేసరికి, పోటు నీళ్లు జీపు కింద ఇసుకను కోసేశాయి. నాలుగు చక్రాలూ సగానికి దిగాయి. ఈసారి మాత్రం నాలుగూ సమానంగా.

పాళెంవాళ్లు పిలవకుండానే తాడు తెచ్చారు. ఆమెను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, నేను వాళ్ల మధ్య తాడు పట్టుకున్నాను. పాట మొదలయ్యే ముందు ఆమె తల బయటికి పెట్టి, ఆ చిన్న లివర్ లాగాలా అని అడిగింది. ఎందుకైనా మంచిది, లాగమన్నాను.