సగంలో ఆపకూడని పాట

హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకు పోయిన రోజు నాకు పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు. ఉద్యోగం వస్తే పోతుందనుకున్నాను. అదేం లేదు.

అంతకు ముందు పోయిన ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చాను. పెనుకొండలో మాకు ఇంగ్లిషు నేర్పించే సారుకు నన్ను చూస్తేనే విసుగు పుట్టింది. "బొమ్మ మాదిరి కూర్చుంటే ఎవురిస్తారు పాపా ఉద్యోగం? నీకేమిష్టమో అదన్నా చెప్పల్ల. సంగీతమంటే ప్రాణమని చెప్పు. పాడతావు గదా!" అన్నాడు. పాడతాను, నిజమే. ఎక్కడ పాడతానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మా పేటలో ఎవరైనా చనిపోతే మగ్గం ఆపి, హార్మోనియం తీసుకుని భజన బృందంతో పోతాడు. శవాన్ని ఎత్తేదాకా తత్వాలు పాడతారు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని గొంతు కలపడమే నా సంగీతం. ఆ పాటలకు మా ఇంట్లో కట్టుబాట్లున్నాయి. చావు జరగని చోట వాటిని కూనిరాగం కూడా తీయకూడదు, తీస్తే చావును పిలిచినట్టేనంటారు. ఒకసారి అంట్లు తోముతూ పరధ్యానంలో ఎత్తుకుంటే అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. ఇంకోటి, ఎత్తుకున్న పాటను సగంలో ఆపకూడదు. ఆపితే విన్నవాళ్లలో ఎవరింటికో ఇంకో చావు వస్తుందంటారు. ఒకరికి దగ్గొస్తే పక్కనున్నవాళ్లు అందుకుని చివరిదాకా లాక్కొస్తారు. నేను డిగ్రీ చదివినదాన్ని కదా, ఇవన్నీ నమ్మనని స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

నాయన మోకాళ్లు అరిగిపోయాయి. మగ్గం గుంతలోంచి పైకి రావాలంటే ఇద్దరు చెయ్యి అందించాలి. "నీకు ఉద్యోగం వస్తే నేను మగ్గం మానేస్తా పాపా" అన్నాడు ఆ పొద్దున. నవ్వుతూనే అన్నాడు గానీ, ధర్మవరం నుంచి రైలు ఎక్కిన దగ్గర నుంచి ఆ మాట నా గుండెల మీదే కూర్చుంది. పెనుకొండ దాటేసరికి అరచేతుల చెమటకు సర్టిఫికెట్ల కవరు తడిసిపోయింది. పాడమంటే పాడదామని ఒక సినిమా పాటను లోలోపలే వల్లె వేసుకున్నాను.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు బెంగళూరు నుంచి వచ్చిన మేడం, తెలుగు రాదు. ఇంకొకరు మా వైపు మనిషే, మీసాలు నెరిసిన సారు. నీ గురించి చెప్పమన్నారు. పెనుకొండ సారు నేర్పిన ఇంగ్లిషు ముక్కను ఒక్క గుక్కలో అప్పజెప్పాను. సంగీతమంటే ప్రాణం అనగానే మేడం మొహం విప్పారింది. "అయితే రెండు లైన్లు పాడు" అంది.

సినిమా పాట ఎటు పోయిందో పోయింది. ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. మళ్లీ బొమ్మలా కూర్చుండిపోతానేమోనని హడలిపోయి నోరు తెరిచాను. వచ్చింది చావింటి పాట. ఇల్లు ఖాళీ చేసి పోయేవాడా, సామాను సర్దుకోకు, ఏదీ నీ వెంట రాదు అని సాగనంపే పాట. ఏం పాడుతున్నానో తెలిసేసరికి మొదటి చరణంలో ఉన్నాను.

మేడం నవ్వి, "థాంక్యూ, చాలు" అంది. నేను ఆపలేదు. చెయ్యెత్తి ఇంకోసారి చెప్పింది. ఆపితే ఉద్యోగం దక్కుతుందేమో. ఆపితే ఎవరింట్లో పీనుగు లేస్తుందో! ఏదీ నమ్మనన్న మనిషిని, పాడుతూనే ఉన్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంతలో సారు లేచి తలుపు వైపు నడిచాడు. వాచ్‌మన్‌ను పిలుస్తాడనుకున్నాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, తిరిగొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. మేడం ఏదో అనబోతే చేత్తో వారించాడు.

పాట అయిపోయింది. ఇదేం పాటని మేడం కన్నడంలో అడిగింది. దేవుడి పాటని చెప్పాడాయన. తర్వాత కంప్యూటర్ గురించి ఏవో అడిగారు, ఏదో చెప్పాను. ఇక వెళ్లమన్నారు.

మెట్ల దగ్గర వెనక నుంచి ఆయన పిలిచాడు. "ఏమ్మా, అది పీనుగు కాడ పాడేది గదా?"

ఏడుపొచ్చేసింది. "భయానికి ఇంకేమీ గుర్తుకు రాలేదు సార్. ఎత్తుకుంటే ఆపకూడదని..."

"నాకు తెల్దా? మా అమ్మ బెంగళూరులో ఆసుపత్రిలో ఉండాది. కండ్లు తెరవలేదు. మేడం చాలంటాంటే నువ్వు యాడ ఆపేస్తావో అని నా పానం పోయింది." "ఇంటికి పోతానే తలకు పోసుకొని లోపలికి పో" అని చెప్పి గబగబా వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి బయట కొళాయి కిందే తలస్నానం చేశాను. అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది. "ఎవురు పోయినారే?" అంది. ఎవరూ పోలేదని గట్టిగా అరిచాను. పాపం, ఆమె బిత్తరపోయింది.

ఉద్యోగం వచ్చింది. నాయన మగ్గం మానేశాడు. నేను చేరి ఇంకా వారం కాలేదు. నా కుర్చీకి ఎదురుగానే ఆ సారు బల్ల. ఆయన ఫోను మోగినప్పుడల్లా నా చేతులు కీబోర్డు మీద ఆగిపోతాయి. ఆయన ముందు నా వైపు చూసి, తర్వాత ఫోను తీస్తాడు. వాళ్లమ్మకు ఎట్లుందని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.