తంగేడు గుట్ట మీద సున్నపు గీతలు

2015 సెప్టెంబరులో ఇబ్రహీంపట్నం దగ్గరి ఓ గుట్ట మీద మా బృందానికి డ్యూటీ పడింది. పాత కట్టడాలను వెతికి నమోదు చేయడం మా పని. అందులో నాది అటెండరు హోదా. ఏడో తరగతిలోనే బడికి నా మీద విసుగు పుట్టింది గనుక నా వాటాకు టేపు, సుత్తి, సున్నం సంచి వచ్చాయి. నాపైన టెక్నికల్ అసిస్టెంటు, ఆపైన సర్వే అధికారి. హోదా పెరిగేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది.

గుట్ట ఒళ్లంతా తంగేడు పూసి ఉంది. మేకలు నడిచిన జాడే దారి. పొదలు తోసుకుంటూ ఎక్కుతుంటే పసుపు రేకులు చొక్కాలకు అంటుకున్నాయి. అధికారి ప్రతి బండ దగ్గరా ఆగి చెయ్యి ఆనించేవారు. చరిత్ర పరిశీలిస్తున్నారనుకున్నాను, ఆయాసం తీర్చుకుంటున్నారట.

పైన పెద్ద రాళ్లు గుండ్రంగా పాతి ఉన్నాయి. ఊళ్లలో వీటిని రాక్షసగుళ్లంటారు. నిజానికవి ఇనుము వాడకం మొదలైన కాలపు సమాధులు. వాటిని నమోదు చేయడానికి ఒక పద్ధతుంది. చుట్టూ మేకులు కొట్టి దారం కట్టాలి, దారం వెంట సున్నం పోయాలి, ప్రతి రాయికీ సుద్దతో అంకె వేయాలి. ఫోటో ఆ తర్వాతే. అంకెలు పూర్తయ్యేసరికి వెలుతురు తగ్గడంతో ఫోటో మర్నాటికి వదిలి దిగిపోయాం.

పొద్దున ఎక్కేసరికి మేకులన్నీ పీకి కుప్ప పోసి ఉన్నాయి. మేకలు కాచే ఖాసిం చాచా నాలుగో నంబరు రాయి కింద గడ్డపార పెట్టి ఎత్తుతున్నాడు. రాయి అప్పటికే ఒరిగింది.

"ఆగు చాచా! ఏం జేస్తున్నవ్?"

"హద్దురాయి పీకుతున్న. తుర్కయాంజాల్ల మేపితే ఆడ ప్లాట్లు జేసిన్రు. ఈడికొచ్చిన. గిప్పుడు గుట్టకు గూడ నంబర్లేసిన్రా? నా మేకలు మీ బాల్కనీలల్ల మెయ్యాల్నా?"

ఆ చుట్టుపక్కల సున్నపు గీత, నంబరు రాయి కనిపిస్తే జనానికి ఒకటే అర్థం: వెంచరు పడింది.

"ప్లాట్లే చాచా. కాని కొన్నోళ్లు వేల ఏండ్ల కిందనే గృహప్రవేశం జేసిన్రు. లోపల్నే పండుకున్నరు," అన్నాను.

ఆయన గడ్డపార వదిలేశాడు. "ఖబరా?"

"అవ్. సమాధులే."

తల మీది రుమాలు సవరించుకున్నాడు. "మరి ఖబర్ మీద నంబరేసుడేంది తమ్మీ? మీ తాత సమాధి మీద గిట్లనే ఏస్తవా?"

నేను చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

రాయిని మళ్లీ నిలబెడతానని ఆయన భుజం ఆనించబోతే అధికారి వద్దన్నారు. కదిలిన రాయిని అంచనా మీద నిలబెట్టకూడదు, ఉన్నదున్నట్టే నమోదు చేయాలి. చాచా ముఖం వాడిపోయింది. "కేసు పెడ్తరా సారూ? మేకల్ని గిట్ల గుంజుకపోతరా?" అని అడిగాడు. కేసేమీ లేదనీ, వలయం వదిలి మిగతా గుట్టంతా మేపుకోవచ్చనీ అధికారి చెప్పారు. నివేదికలో మాత్రం, రాయి ఇటీవల ఒరిగిందని, పని గురించి ముందుగా ఊరికి తెలియజేయకపోవడమే కారణమని రాయించారు. రాళ్ల మీది అంకెలు తుడిచి, వాటిని రాసిన చీటీలు నేల మీద పెట్టి ఫోటో తీశాం. చాచా మేకల్ని అవతలి వాలుకు తోలుకెళ్లాడు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, ఏ గుట్ట ఎక్కాల్సి వచ్చినా ముందు ఆ ఊరి టీ హోటల్లో కూర్చుని, ఏం గీస్తామో, ఎందుకు గీస్తామో చెప్పాకే సున్నం సంచి విప్పాను. ఒరిగిన రాయిని నిలబెట్టకూడదని నిబంధన ఉంది. ముందుగా చెప్పకూడదని ఎక్కడా లేదు.