కళ్ళమ్మ పీకిన కన్ను

బొమ్మల కార్ఖానాలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గుడ్డబొమ్మలకు గుండీల కళ్ళు కుట్టేది ఆవిడే కాబట్టి కళ్ళమ్మ అయింది. పెళ్ళయిన కొత్తలో చేరింది. తన కంటికి చత్వారం వచ్చి అద్దాలు పడ్డా, ఆవిడ చేతిమీదుగా ఒంటికన్ను బొమ్మ ఒక్కటీ గడప దాటలేదు. అదే ఆవిడ గొప్ప. ఆ గొప్పకు ఎసరు పెట్టింది ఒక పిల్లల పుస్తకం.

తప్పిపోయిన గుడ్డగాడిద మబ్బుల లోకంలో తన పాపను వెతుక్కునే కథ అది. పుస్తకంతోపాటు గాడిదబొమ్మ కూడా ఇస్తారట. దానికి ఒకే కన్ను ఉండాలట. రాసినావిడే వచ్చి మరీ చెప్పింది.

"కథలో రెండో కన్ను దొరకదమ్మా. ఆ ఖాళీ చోటు ఒక ప్రతీక. మనం పోగొట్టుకున్న ప్రతిదానికీ గుర్తు."

"పోతే వెతికి కుట్టాలి గానీ, గుర్తులెందుకు మేడమ్?" అంది కళ్ళమ్మ.

రచయిత్రి నవ్వింది. కళ్ళమ్మకు ఒళ్ళు మండింది.

మండితే ఏం లాభం? ఒక కన్ను కుట్టగానే అలవాటుకొద్దీ సూది రెండో కంటికి పోయింది. బుట్ట నిండాక చూస్తే గాడిదలన్నీ రెండు కళ్ళతో గుడ్లప్పగించి చూస్తున్నాయి. యజమాని లబోదిబోమన్నాడు.

"కళ్ళుండి చూసుకోవా పిన్నీ? అన్నీ పీకెయ్!"

పీకింది. కుట్టిన చేత్తోనే, కత్తెర మొన పెట్టి, ఒక్కొక్కటీ పీకింది. ప్రతీకట, ప్రతీక! ఉన్న కన్ను ఊడబెరికి దానికో మంచి పేరు పెడితే సరిపోయిందా అని లోలోపల తిట్టుకుంటూనే పీకింది.

తయారైన బొమ్మలు చూసి రచయిత్రి ముచ్చటపడి ఒక గాడిదను ఆవిడకే ఇచ్చింది. కళ్ళమ్మ దాన్ని ఇంటికి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని గుండెలకు హత్తుకుంది. తర్వాత ఎడంగా పట్టుకుని, తెగిన దారాల మీద వేలు పెట్టింది.

"దీని ఇంకో కన్నేది అమ్మమ్మా?"

ప్రతీక అని చెప్పబోయింది.

"పీకేశారు తల్లీ."

"ఎవరు?"

అబద్ధమాడటం కళ్ళమ్మకు చేతకాదు. "నేనే. ఇటివ్వు, చిటికెలో కుట్టేస్తా," అంటూ సూదిడబ్బా అందుకుంది.

పిల్ల చటుక్కున గాడిదను వీపు వెనక దాచుకుంది.

"నీకివ్వను. ఉన్నది కూడా పీకేస్తావు."

సూదిలో దారం ఎక్కించే ఉంది. గుండీ అరచేతిలో ఉంది. కోపం రావాలో ఏడుపు రావాలో కళ్ళమ్మకు తెలియలేదు.